ఎడంచేతి కాజాలు

చొక్కా మొత్తంలో కష్టమైన పని కాలరే అంటారు తెలియనివాళ్ళు. కాదు, కాజా. కాలర్ వంకరపోతే ఇస్త్రీపెట్టె కాస్త సర్దిపెడుతుంది. కాజా చెడితే ఎవరూ ఏమీ చెయ్యలేరు, గుడ్డని అప్పటికే కోసేసి ఉంటాం. మా నాన్న కటింగ్ మాస్టర్‌గా ఉన్న రోజుల్లో మా షాపులో కాజాలన్నీ చేత్తోనే కుట్టేవారు. ఆ పనికి ఇద్దరుండేవారు. ఒకరు ఎడంచేతి పిన్ని, రెండోవారు చిలకత్త. ఇద్దరూ మాకు చుట్టాలేం కారు. చిన్నప్పటినుంచి పిలిచి పిలిచి చుట్టాలైపోయారు.

పిన్నిది ఎడంచేతి వాటం. చిలకత్త సూది ఆగినా నోరు ఆగేది కాదు, అందుకే ఆ పేరు. షాపు వెనకగదిలో కిటికీ కింద ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చునేవారు. మోచేతులు ఒకరికొకరివి తగలకుండా పిన్ని ఎప్పుడూ ఎడమపక్క, చిలకత్త కుడిపక్క. నేను చెప్పబోయేది పిన్ని సంగతి. పొగడ్డానికి కాదు. ఆవిడ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆవిడ ముఖం తలుచుకుంటే మాత్రం ఆ మంట కాసేపటికి చల్లారిపోతుంది. ఈ రెండింటి మధ్య నేను ఏ పక్కా కాకుండా పోయాను.

మా నాన్నకి అనుమానం పాలు ఎక్కువ. ఏ కాజా దారం ఊడినా, కుట్టినవాళ్ళనే పిలిచి ఝాడించాలని ఒక పద్ధతి పెట్టాడు. చొక్కాకి అన్నిటికంటే కింద ఉండే కాజా దగ్గర, పట్టీ లోపలివైపు, బియ్యపుగింజంత రంగుదారం కుట్టు ఒకటి వెయ్యాలి. పిన్నిది నీలం. చిలకత్తది ఆకుపచ్చ. అక్కడ అదొకటుందని చొక్కా తొడుక్కున్నవాడికి కూడా తెలియదు. మా షాపులో మాకు తప్ప ప్రపంచంలో ఎవరికీ అక్కరలేని సంగతి అది.

నాకు పదేళ్ళప్పుడు, ఒకే నెలలో, ఈ ఇద్దరి ఇళ్ళలోనూ ఒక్కొక్క మగమనిషి మాయమైపోయాడు.

మొదట చిలకత్త వాళ్ళ అన్నయ్య. అమ్మానాన్నా పోయాక ఆవిణ్ణి పెంచింది ఆయనే. పెద్దవీధిలో ఫోటో స్టూడియోలో సగం వాటా ఉండేది. ఉన్నట్టుండి ఒక వారం మధ్యలో కనిపించడం మానేశాడు. స్టూడియోలో మిగతా సగం వాటాదారు "ఆదివారం తర్వాత నేను చూడనే లేదమ్మా" అన్నాడు. చిలకత్త అన్నయ్య ఫోటో పట్టుకుని బస్టాండు, ఆసుపత్రి, రైలు గేటు అన్నీ తిరిగింది. కనిపించిన ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట, "మా అన్నయ్య నన్ను వదిలేసి వెళ్ళే మనిషి కాదు." ఊరంతా నమ్మింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పది రోజులు తిరక్కుండా పిన్ని భర్త వెళ్ళిపోయాడు. గడియారాలు బాగుచేసే బాబాయి. పట్టపగలు దుకాణం తలుపు దించి, పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని మరీ వెళ్ళాడు. అదే రోజు సినిమాహాల్లో టికెట్లు ఇచ్చే ఆవిడ పనికి రాలేదు. ఊరు చెవులు కొరుక్కోవడానికి అంతకంటే ఏం కావాలి? పిన్ని కూడా అదే మాట అంది, "మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళే మనిషి కాదు" అని. అక్షరం తేడా లేదు. చిలకత్త అన్నప్పుడు కొంగులు కళ్ళకి వెళ్ళాయి, పిన్ని అన్నప్పుడు నోటికి అడ్డం వెళ్ళాయి. నవ్వు ఆపుకోవడానికి.

పిన్ని ఆ మాట మళ్ళీ చాలా ఏళ్ళదాకా ఎవరి దగ్గరా అనలేదు. కానీ ఆ రోజునుంచి ఆవిడ కడుపులో రెండు మంటలు వెలిగాయి.

ఒకటి ఆ టికెట్ల ఆవిడ మీద. విచిత్రం ఏమిటంటే పిన్ని ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. టికెట్ల కిటికీకి ఉండేది చెయ్యి పట్టేంత కన్నం. అందులోంచి గోళ్ళరంగు వేసుకున్న ఒక చెయ్యి బయటికి వచ్చి టికెట్టు ఇచ్చి లోపలికి పోయేది. పిన్నికి తెలిసింది ఆ చెయ్యి ఒక్కటే. దానికి ఇరవైనాలుగేళ్ళపాటు తనే ఒక ముఖం పెట్టింది, నడుము పెట్టింది, నవ్వు పెట్టింది. ఏటా కాస్త అందం కూడా పెంచుకుంటూ పోయింది. షాపుకి ఏ ఆడమనిషి వచ్చినా ముందు చేతులకేసి చూసేది. గోళ్ళకి రంగు కనిపిస్తే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు.

రెండోది చిలకత్త మీద. ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే పక్కనే కూర్చుని పడే కుళ్ళు. టీ వస్తే మొదటి గ్లాసు చిలకత్తకి ఇస్తారు. అన్నయ్య కనిపించకుండా పోయిన రోజు ఏటా వస్తుంది కదా, ఆ రోజు మా నాన్నంతటివాడు కూడా "ఇవాళ ఇంటికెళ్ళమ్మా" అంటాడు. వీధిలో పోతుంటే అరుగుల మీదవాళ్ళు "పాపం" అంటారు. పిన్ని పోతుంటే ఏమీ అనరు, దాటిపోయాక అంటారు. ఒకసారి నాతో దారం కొరుకుతూ అంది, "పాపం అనిపించుకోవడానిక్కూడా పెట్టిపుట్టాలమ్మాయ్." పోగొట్టుకున్నదాన్ని చూసి కుళ్ళుకునే మనిషిని నేను అదే చూడ్డం.

ఇద్దరూ అంతకుముందు ఒకే ప్రాణంగా ఉండేవారని చెబితే మీరు నమ్మరు. పోట్లాడుకున్నదీ లేదు. పక్కపక్కనే కూర్చుని, ఒకే డబ్బాలోంచి సూదులు తీసుకుంటూ, ఇరవైనాలుగేళ్ళు గడిపేశారు. ఈలోగా మా నాన్న మంచం పట్టాడు, షాపు నా చేతికి వచ్చింది, కాజాలు కుట్టే మెషీను కూడా వచ్చింది. అయినా చేతి కాజాలు కావాలనే మొండివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకోసం ఈ ఇద్దరు మొండివాళ్ళనీ ఉంచుకున్నాను.

ఈ ఏడు పోలీసులు తేలకుండా పోయిన పాత హత్యలన్నీ మళ్ళీ బయటికి తీయడానికి ఒక విభాగం పెట్టారు. పోస్టాఫీసులో, బస్టాండులో కాగితాలు అంటించారు. పేపర్లో కూడా వేశారు. ఇరవైనాలుగేళ్ళ క్రితం, మా ఊరికి బస్సులో నాలుగు గంటల దూరంలో, పాడుబడ్డ రాళ్ళ క్వారీ నీళ్ళలో ఒక మగమనిషి శవం దొరికింది. తల వెనక దెబ్బ. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. అక్కడి పోలీసులు పూడ్చేశారు. ఎక్కడ పూడ్చారో రాసిన కాగితం ఇప్పుడు దొరకడం లేదు. మిగిలింది ఒంటి మీద ఉన్న చొక్కా. కాలర్ లోపలి షాపు గుర్తుని ఎవరో కత్తిరించేశారు. "ఈ చొక్కా మీకు తెలుసా? ఎంత చిన్న సంగతైనా చెప్పండి. మీకు చిన్నదే కావచ్చు, మాకు అదే దారి చూపించవచ్చు" అని కింద రాసి ఉంది.

కాగితాలు అంటించి ఊరుకోకుండా, ఆ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరమ్మ పాత టైలర్ షాపులన్నీ తిరుగుతోంది. ఒకరోజు పొద్దున్నే మా షాపుకి వచ్చి, చొక్కా ఫోటోలు పెద్దవి చేయించినవి నా కటింగ్ బల్ల మీద పరిచింది. లేత మీగడ రంగు, సన్న గోధుమరంగు చారలు. నేను ఇంకా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను. చిలకత్త వెనకగదిలోంచి వచ్చి నా భుజం మీదుగా వంగి చూసింది. పట్టీ లోపలి ఆకుపచ్చ కుట్టు మీద వేలు పెట్టింది. ఆవిడ నోట మాట రాకపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

కాసేపటికి, "మా అన్నయ్య చొక్కా. కాజాలు నేనే కుట్టాను. ఇది నా పచ్చదారం" అని, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

మర్నాడు పేపర్లో చిలకత్త ఫోటో వచ్చింది. పోలీసు జీపు వచ్చి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి దింపింది. వీధంతా ఆవిడ ఇంట్లోనే. "నువ్వు మొదటినుంచీ అంటూనే ఉన్నావమ్మా, నిన్ను వదిలేసి వెళ్ళే మనిషి కాదని" అని ముసలీ ముతకా చేతులు పట్టుకుని ఏడ్చారు. పిన్ని మూడు రోజులూ పనికి వచ్చి, ఎడమపక్క కూర్చుని, తల ఎత్తకుండా కుట్టింది. రెండుసార్లు వేలికి సూది గుచ్చుకుంది. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న వేలు అది.

అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. ఆ చొక్కా చిలకత్త అన్నయ్యదే. కానీ కాజాలు కుట్టింది చిలకత్త కాదు. ఆ రోజుల్లో ఆవిడకి కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు వచ్చి పదిరోజులు ఇంట్లో ఉంది. తన చొక్కాకి కాజాలు చెల్లెలే కుట్టాలని అన్నయ్య పంతం. అందుకని పిన్ని చేతికి తన పచ్చదారం ఇచ్చి, "నువ్వు కుట్టవే, నా గుర్తు పెట్టు. నేనే కుట్టానని చెప్తాను, మురిసిపోతాడు" అంది. పిన్ని కుట్టింది. అన్నయ్యకి చెప్పిన ఆ ముచ్చటైన అబద్ధాన్నే చిలకత్త పోలీసులకీ చెప్పింది. చెప్పీ చెప్పీ తనకే నిజమైపోయి ఉంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిస్తే ఇంత దూరం రానిచ్చేదాన్ని కాదు.

నాలుగోరోజు పిన్ని ఆ ఫోటో తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇవి నా కాజాలమ్మాయ్" అంది.

"అదేంటి పిన్నీ, పచ్చదారం కదా?"

"దారం సంగతి తర్వాత. ముడులు చూడు."

భూతద్దం పెట్టి చూశాను. కాజా చుట్టూ వేసే ముడులు కుడిచేతివాళ్ళకి ఒకవైపు వాలతాయి, ఎడంచేతివాళ్ళకి రెండోవైపు. మాబోటివాళ్ళకి తప్ప తెలియదు. ఆరు కాజాలూ ఎడంచేతివే.

"మరి చొక్కా ఎవరిది?"

పిన్ని నా కళ్ళలోకి సూటిగా చూసి, "మా ఆయనది" అంది. "నీలం దారం అయిపోతే దాని పచ్చరీలు అడిగి తీసుకున్నా."

నమ్మేశాను. ఎందుకు నమ్మనూ? ముడులు అబద్ధం చెప్పవు కదా. కొలతల పుస్తకాలు చూద్దామంటే అవి ఎప్పుడో చెదలు తినేశాయి. మా నాన్నని అడిగితే నన్నే "నువ్వెవరమ్మా" అంటున్నాడు. ఇంకోమాట కూడా ఒప్పుకుంటాను, నాకూ నమ్మాలని ఉంది. మా పిన్నిని మొగుడు వదిలెయ్యలేదని నాకూ వినాలని ఉంది. నేనే వెంటబెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళాను.

ఇన్‌స్పెక్టరమ్మ తెలివైంది. చిలకత్తని కూడా పిలిపించి, ఇద్దరికీ చెరో గుడ్డముక్క, సూదీ దారం ఇచ్చి చెరో కాజా కుట్టమంది. స్టేషన్‌లో ఫైళ్ళ బీరువా పక్కన, ఇద్దరూ అలవాటుగా ఎడమావిడ ఎడమపక్కా కుడావిడ కుడిపక్కా కూర్చున్నారు. కుట్టడం అయ్యాక, అసలు చొక్కా తెచ్చి పక్కన పెట్టి భూతద్దంలో చూశారు. ఎవరు కుట్టారో పసిపిల్ల కూడా చెప్పగలదు.

"మీరే కుట్టానన్నారు కదమ్మా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ చిలకత్తతో.

చిలకత్త అడ్డంగా దొరికిపోయింది. "తనే కుట్టిందమ్మా. నా వేలికి గోరుచుట్టు వచ్చింది అప్పుడు. నా గుర్తు పెట్టమన్నాను, అన్నయ్య సంతోషిస్తాడని. చొక్కా మాత్రం మా అన్నయ్యదే."

"మొన్న ఈ మాట చెప్పలేదే?"

చిలకత్త పిన్నికేసి తిరిగింది. "నువ్వు చెప్పవే. నీకు తెలుసు కదా. చెప్పవే!"

పిన్ని బల్ల మీది గుడ్డముక్కని మడత పెడుతూ, "నాకలాంటిదేం గుర్తు లేదు" అంది.

ఇద్దరు మగవాళ్ళదీ ఒడ్డూ పొడుగూ ఇంచుమించు ఒకటే. ఎముకలు లేవు, పరీక్ష చెయ్యడానికి ఏమీ లేదు. ఒక మాట మార్చిన సాక్షి ఒకవైపు, ముడులు ఒకవైపు. ఇన్‌స్పెక్టరమ్మ పిన్ని చెప్పిందే రాసుకుంది. రాసుకుని, "మీ ఆయనంటే పగ ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగింది.

అక్కడ "తెలియదు" అనేసి ఊరుకుంటే ఆవిడ అబద్ధం బతికి బట్టకట్టేది. కానీ కడుపుమంట మనిషిని ఊరుకోనిస్తుందా? పిన్ని ముఖంలోకి నేనెన్నడూ చూడని ఒక వెలుగు వచ్చింది. "ఉంది" అంది. "సినిమాహాలు టికెట్ల ఆవిడ. ఆయన చుట్టూ తిరిగేది. మాయ చేసి తీసుకెళ్ళి చంపేసి ఉంటుంది. పట్టుకోండి దాన్ని. సంకెళ్ళు వేసి ఈ వీధిలోంచే తీసుకెళ్ళండి." చెయ్యి మాత్రమే చూసిన మనిషి ఒడ్డూ పొడుగూ ముఖం రంగు అన్నీ కళ్ళకి కట్టినట్టు ఏకరువు పెట్టింది. పక్కనున్న కానిస్టేబుల్ బుద్ధిగా రాసుకున్నాడు.

తర్వాత మూడు వారాలు పిన్నివి. ఇరవైనాలుగేళ్ళు బాకీపడ్డ "పాపం" అంతా ఊరు ఒక్కసారి తీర్చేసింది. అప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళే, ముసలివాళ్ళైపోయి, కర్రలు పట్టుకుని వచ్చి ఆవిడ గదిలో కూర్చున్నారు. పిన్ని గోడకి ఆనుకుని, "నేను చెప్పలేదూ? నన్ను వదిలేసి వెళ్ళే మనిషి కాదు" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఏడ్చింది. దొంగ ఏడుపు కాదది. అలా జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఏడిచిన ఏడుపు.

చిలకత్త అన్నయ్యతో వాటా ఉన్న స్టూడియో ఆయన కూడా వచ్చాడు. ఇప్పుడు మూడంతస్తుల స్టూడియో ఆయనది. బాబాయి పాత ఫోటో ఒకటి అడిగి తీసుకెళ్ళి, పెద్దది చేసి, ఫ్రేము కట్టించి తనే తెచ్చి ఇచ్చాడు. "మీకు ఒక నిశ్చింత వచ్చిందమ్మా" అన్నాడు. గదిలో అందరికంటే ఆయనకే ఎక్కువ నిశ్చింతగా ఉన్నట్టు నాకనిపించింది కానీ, పెద్దమనిషి కదా అనుకున్నాను. పిన్ని ఆ ఫ్రేము అందుకోలేదు. "అక్కడ పెట్టండి" అంది. ఆయన వెళ్ళేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంది.

చిలకత్తని పలకరించడానికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. పరాయిదాని మొగుడి చొక్కాని అన్నయ్యదని ఏడ్చిందని పెదవి విరిచారు. ఆవిడ పనికి వచ్చేది, కుడిపక్క కూర్చునేది, మాట లేదు. మెషీను చప్పుడు తప్ప షాపులో ఏమీ వినిపించేది కాదు. ఒకరోజు నేను కాజాలకి గుర్తులు పెడుతుంటే, ఎవరితోనో అన్నట్టు అంది, "అయితే మా అన్నయ్య నన్ను వదిలేసే వెళ్ళాడన్నమాట."

పిన్ని పక్కనే ఉంది. వినకుండా ఎలా ఉంటుంది? కుడుతున్న కాజా దగ్గర ఆగింది. మళ్ళీ కుట్టింది.

మూడు వారాలు గడిచాక ఇన్‌స్పెక్టరమ్మ షాపుకి వచ్చింది. చిలకత్త ఆ పూట రాలేదు. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు చెప్పిన ఆవిడ దొరికిందమ్మా" అంది.

పిన్ని సూది గుచ్చేసి లేచి నిలబడింది. "దొరికిందా? ఒప్పుకుందా?"

"తలుపు తట్టాం. తీసింది మీ ఆయనే."

"బతికే ఉన్నాడు. అక్కడో గడియారాల దుకాణం పెట్టుకున్నాడు. మేం ఎందుకొచ్చామో చెబితే నోరు వెళ్ళబెట్టాడు. హత్యకి గురైన మనిషి నాకూ మా కానిస్టేబుల్‌కీ టీ పెట్టి ఇచ్చాడమ్మా, నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

నాకు నవ్వొచ్చింది. సిగ్గులేని నవ్వు, ఆపుకోలేకపోయాను. పిన్ని నవ్వలేదు, ఏడవలేదు, ఎలా ఉన్నాడని అడగలేదు. నా పేరేమైనా ఎత్తాడా అని కూడా అడగలేదు.

"ఆవిడ ఎలా ఉంది?" అంది.

ఇన్‌స్పెక్టరమ్మకి అర్థం కాలేదు. "ఆవిడా? ఏముంది, అందరిలాగే. లావుగా ఉంది. సోడాబుడ్డి కళ్ళద్దాలు. మోకాళ్ళ నొప్పులట. కుర్చీలోంచి లేవాలంటే ఆయన చెయ్యి పట్టుకుని లేపాలి."

"లేపాడా?"

"ఆఁ, లేపాడు."

ఇన్నేళ్ళూ ఆవిడ కుళ్ళుకున్న అందగత్తె ఎక్కడా లేదు. ఆ సంతోషం కూడా ఆవిడకి దక్కలేదు. అందం పోయాక కూడా పట్టుకుని లేపే చెయ్యి ఒకటి ఆ ఇంట్లో ఉంది. అది చూసి కుళ్ళుకోవాలంటే ఇంకో ఇరవైనాలుగేళ్ళు చాలవు.

ఇన్‌స్పెక్టరమ్మ గొంతు తగ్గించింది. "చూడండమ్మా. పోలీసులకి తప్పుడు సాక్ష్యం ఇవ్వడం నేరం. కానీ ముసలి కళ్ళు, పాత చొక్కా. పొరపాటు పడ్డానని మీరంటే అలాగే రాసుకుంటాను. ఎవరికో కుట్టాను, ఎవరికో గుర్తులేదు అనండి. అంతటితో అయిపోతుంది."

తప్పించుకోవడానికి తలుపు బార్లా తెరిచి పెట్టింది. పిన్ని పరువు సగమైనా నిలుస్తుంది, ఇంట్లో కూర్చుని ఏడ్చినవాళ్ళకి పొరపాటే అని చెప్పుకోవచ్చు. ఆ చొక్కా మాత్రం ఎవరిదీ కాకుండా పోతుంది. నేను మనసులో "అనెయ్యి పిన్నీ" అనుకున్నాను. నా బుద్ధీ అంతే.

"రేపు పొద్దున స్టేషన్‌కొస్తాను" అంది పిన్ని. "చిలకని కూడా పిలవండి."

మర్నాడు పది గంటలకి నలుగురం అదే బల్ల చుట్టూ కూర్చున్నాం. పిన్ని, చిలకత్త, ఇన్‌స్పెక్టరమ్మ, నేను. రాసుకునే కానిస్టేబుల్ పక్కన. పిన్ని ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మొదలుపెట్టింది. గోరుచుట్టు సంగతి చెప్పింది, పచ్చదారం చెప్పింది. "ఆ చొక్కా దీని అన్నయ్యది. అబద్ధం చెప్పింది నేను." తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఇంకో సంగతి చెప్పింది.

"చొక్కా మంగళవారం మధ్యాహ్నం తయారైంది. స్టూడియో ఆయన వచ్చి తీసుకెళ్ళాడు. దీని అన్నయ్య బస్టాండులో ఉన్నాడు, ఇద్దరం ఊరికెళ్తున్నాం, నేనిస్తాలే అన్నాడు. నేనే మడతపెట్టి చేతికిచ్చాను."

ఇన్‌స్పెక్టరమ్మ పాత ఫైలు తీసి ఒక కాగితం రెండుసార్లు చదివింది. ఆదివారం తర్వాత చూడనే లేదని ఆ మనిషి ఇచ్చిన వాంగ్మూలం అందులో ఉంది. ఆయన్ని ఎలా పట్టుకున్నారో, ఆ తర్వాత జరిగిందంతా పేపర్లలో వచ్చింది, మీరూ చదివే ఉంటారు, నేను మళ్ళీ చెప్పను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఈసారి గొంతులో మెత్తదనం లేదు.

"అప్పుడు నన్నెవరూ అడగలేదు. ఆయన ఆదివారం అని చెప్పాడని కూడా నాకు తెలీదు, అప్పుడు నా కొంపే అంటుకుని ఉంది. ఈసారి మీరు అడిగారు. చిన్న సంగతైనా చెప్పమని గోడల మీద అంటించారు. తెలిసే మింగేశాను."

"ఎందుకు?"

"కుళ్ళు" అంది పిన్ని. "దానికి చచ్చిపోయిన అన్నయ్య దొరికాడు. నాకు చచ్చిపోయిన మొగుడు కూడా లేడు."

చిలకత్త తల వంచుకుని ఉంది. ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. లేచి పిన్నిని కొట్టినా బాగుండేదనిపించింది నాకు.

కానిస్టేబుల్ రాసిందంతా చదివి వినిపించాడు. మొదటి పేజీ దగ్గర ఆగి, "అమ్మా, ఇక్కడ పోయినసారి భర్త చనిపోయాడు అని రాసుకున్నాను. అది కొట్టేస్తున్నా. మరి ఏమని రాయమంటారు?" అన్నాడు.

పిన్ని అతనికేసి చూడలేదు. చిలకత్తకేసి తిరిగింది.

"నా మొగుడు నన్ను వదిలేశాడే చిలకా. మీ అన్నయ్య నిన్ను వదల్లేదు."

కానిస్టేబుల్ ఆ రెండు మాటల్లో మొదటిది ఒక్కటే రాసుకున్నాడు.